కొంచెం సున్నం ఉండనివ్వు

ఎస్తెర్ గారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా బిల్డింగు వాచ్‌మన్ పోశన్న. ఆ శుక్రవారం పొద్దున్న పొయ్యి మీద సున్నపు నీళ్లలో తెల్ల మొక్కజొన్న గింజలు ఉడుకుతున్నాయి. వెల్ల వేసిన గోడ మీద తొలకరి చినుకులు పడితే వచ్చే వాసన అది. దోహా శివార్లలో మేముండే అల్ వుకైర్‌లో తొలకరి లేదు, వెల్ల గోడలూ లేవు. ఆ వాసన మాత్రం నెలకొకసారి మా వంటింట్లో ఉంటుంది. తలుపు చప్పుడైతే గరిటె చేత్తో పట్టుకునే వెళ్లి తీశాను.

“అమ్మా, మీ ఎదురింట్ల ఉన్న మెక్సికో పెద్దమ్మ యాదికున్నదా?” అన్నాడు పోశన్న.

“ఎందుకు లేదు. ఆవిడ నేర్పిన వంటే చేస్తున్నాను.”

అతను తల దించుకున్నాడు. “పోయిందటమ్మా. వారం దినాలైందట. ఆమె బిడ్డె నాకు మెసేజ్ పెట్టింది. మీ నంబర్ మారింది గద, ఆమె కాడ లేదు. అప్పుడు సామాన్లు మోసిన్నని నా నంబర్ దాసుకున్నది.” ఫోను నా చేతికిచ్చాడు. “ఇంకేందో అడిగింది. అది మీరే చెప్పాలెనంట.”

ఇంగ్లీషులో అయిదు వాక్యాలు. అమ్మ ఏటా అక్టోబరు ఆఖరున చనిపోయినవాళ్ల కోసం వంటలు చేసి బల్ల మీద పెట్టేది. ఎవరికి ఏం పెట్టాలో ఒక పుస్తకంలో రాసుకుంది. ఈ ఏడు నుంచి ఆ బల్ల నేనే పెట్టాలి. అందరూ మా వాళ్లే, చివర ఉన్న పేరు ఒక్కటే తెలియడం లేదు: ‘చిన్ని, దోహా. కారం వద్దు.’ ఈ చిన్ని ఎవరు?

చిన్ని నా కూతురు. ఏడో నెలలోనే పుట్టి తొమ్మిది రోజులు బతికింది. బారసాల కాలేదు కాబట్టి ఆ పిల్లకి పేరు లేదని అందరూ అనుకున్నారు. ఆ పేరుతో నేను పిలుచుకున్నానని ఈ భూమ్మీద ఎస్తెర్ గారికి తప్ప ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. ఇప్పుడు ఎక్కడో సముద్రాల అవతల ఒక అమ్మాయి నా జవాబు కోసం చూస్తోంది. నేను చెప్పకపోతే ఆ పేరు ఆ పుస్తకంలోంచి పోతుంది.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. అమలాపురం దగ్గర మా ఊళ్లో నాన్న పోస్టుమాస్టరు. సాయంత్రం తపాలా సంచీ కట్టేశాక ఆ బల్ల మీదే నాకు తెలుగూ లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేవారు. స్తోత్రాలు నాయనమ్మ నేర్పింది. ఆ ఇద్దరి దయవల్ల నాకు రానిదంటూ పెద్దగా లేదు, స్నేహితుల్ని చేసుకోవడం ఒక్కటి తప్ప. అది ఇంట్లో కూర్చుంటే వచ్చే విద్య కాదు. పెళ్లయి ఖతార్ వచ్చాక ఆ లోటు బాగా తెలిసింది. మా ఆయన లుసైల్‌లో ఒక కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. పొద్దున్న అయిదింటికి వెళితే ఇల్లు చేరేసరికి ఎనిమిది. మధ్యలో ఏసీ చప్పుడూ నేనూ. వంటింటి అలమారలో ఒక అర ఖాళీ చేసి దేవుణ్ణి పెట్టుకున్నాను. రోజూ నేను మాట్లాడేది ఎక్కువగా ఆ దేవుడితోనే.

ఏడేళ్ల కిందట మే నెలలో పాప పోయింది. నేనింకా ఆస్పత్రి మంచం మీద ఉండగానే చేయవలసినవి మగవాళ్లు చేసి వచ్చారు. ఎక్కడని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఊళ్లోంచి అత్తగారు ఫోను చేసి, “పదకొండో రోజు కూడా చూడని బిడ్డకి పట్టింపేవిటే అమ్మా. తలారా స్నానం చేసి మనసులోంచి కడిగేసుకో. మళ్లీ అదే కడుపున పుడుతుంది,” అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. తనూ అలాగే ఇద్దర్ని కడిగేసుకుందని తర్వాతెప్పుడో తెలిసింది. మా ఆయన ఒక ఆదివారం డ్యూటీకి సెలవు పెట్టి, కొన్న చిన్న చొక్కాలన్నీ సంచిలో కట్టి ఎవరికో ఇచ్చి వచ్చారు. ఇంట్లో ఏ గుర్తూ లేదు. నేను కూడా నేల రోజుకి రెండుసార్లు కడిగేదాన్ని.

ఆగస్టులో వరలక్ష్మీ వ్రతం వచ్చింది. పూజ అయితే చేసుకున్నాను గానీ వాయనం ఇవ్వడానికి ఒక్క ముత్తైదువ దొరకలేదు. ఫ్లాట్లలో తెలుగువాళ్లు సెలవులకి ఊళ్లకి వెళ్లిపోయారు. పళ్లెం పట్టుకుని తలుపు తీసి నిలబడ్డాను, ఎవరైనా వస్తారేమోనని. లిఫ్టులోంచి తెల్ల జడ వేసుకున్న పెద్దావిడ రెండు చేతుల్లో కూరల సంచులతో దిగింది. ఎదురింట్లో కూతురితో ఉంటుందని తెలుసు, అంతకుముందు పలకరించింది లేదు. అమ్మవారు పంపింది ఈవిడనే అనుకుని బొట్టు పెట్టి, తమలపాకులూ వక్కా అరటిపళ్లూ నానబెట్టిన సెనగలూ చేతికిచ్చాను. ఆవిడ వింతేమీ పోకుండా తీసుకుంది. పళ్లెంలో చిన్న సున్నం డబ్బా ఉంది. మూత తీసి వాసన చూసింది. అక్కడే సంచుల మధ్య నేల మీద చతికిలబడింది.

“ఇది ఎక్కడ దొరికింది? రెండేళ్లుగా దోహా అంతా వెతికాను,” అంది. నాది పోస్టాఫీసు బల్ల ఇంగ్లీషు, ఆవిడది సంత ఇంగ్లీషు. మాకు అది చాలింది.

ఆవిడ భర్త పోయి చాలా ఏళ్లయిందని తర్వాత తెలిసింది. వాయనం ఇచ్చింది ముత్తైదువకి కాదన్నమాట. వరలక్ష్మి ఏమీ అనలేదు. అత్తగారికి నేను చెప్పలేదు.

ఆవిడది ఒహాకా అనే ఊరు. అక్కడి సంతలో నలభై ఏళ్లు పెనం ముందు కూర్చుని దారిన పోయేవాళ్లకి వండిపెట్టిన మనిషి. వాళ్ల భాషలో పెద్దవాళ్లని దోన్యా అని గౌరవిస్తారట, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ మా ఆయన నన్ను పిలవడం విని ‘అమ్మాయ్’ అనడం నేర్చుకుంది. కొన్నాళ్లకి పోశన్నని కూడా అమ్మాయ్ అంది. అతను, “అననీయుండ్రి అమ్మా, దుబాయ్‌ల ఉన్నడని మా అవ్వ అంటది, గీమె అమ్మాయ్ అంటది. నేనెక్కడున్ననో ఎవరినో నాకే ఎరుకలేదు,” అని నవ్వాడు.

సెప్టెంబరులో మా ఆయనకి కంపెనీ పని మీద మూడు వారాలు మెక్సికో ప్రయాణం పడింది. మేము గుడ్డు కూడా ముట్టనివాళ్లం. ఆయన అక్కడ ఏం తింటారని నేను దోన్యా దగ్గర బెంగపడ్డాను. ఆవిడ నా వంక జాలిగా చూసింది.

“మీ ఆయన గింజలు తినే పక్షి. మా దేశంలో పక్షులు ఎప్పుడూ పస్తుండలేదు, అంతా మొక్కజొన్నే. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటికి పంపు. రుచులన్నీ ఇక్కడే చూపిస్తాను. పరీక్ష పాసైతేనే విమానం ఎక్కనిస్తాను.”

అలా ఎనిమిది శుక్రవారాలు. నేను నా సున్నం, నా తడి గ్రైండరు పట్టుకెళ్లేదాన్ని. ఆ గ్రైండరుని ఆవిడ పసిబిడ్డని నిమిరినట్టు నిమిరింది. వాళ్లూళ్లో ఆ పిండి రుబ్బడానికి తెల్లవారకముందే మరకి పరుగెత్తేవారట. సున్నంలో ఉడికించి రాత్రంతా నానబెట్టిన గింజల్ని రుబ్బి, ఆ ముద్దని నొక్కి, అట్ల పెనం మీద కాలిస్తే తోర్తియా. నేను బొబ్బట్టులా అరిటాకు మీద వేళ్లతో తట్టాను. ఆవిడ చూసి, “అందంగా ఉంది. దీనికి కూడా బొట్టు పెడతావా?” అంది. మా ఆయనకి చెప్పింది: “ఇది పక్కన పెట్టుకునే రొట్టె కాదు. ఇదే కంచం, ఇదే చెంచా, చివరికి భోజనమూ ఇదే. ఇది తెలిస్తే సగం దేశం తెలిసినట్టే.”

నల్ల చిక్కుడు గింజలు ఉడికించి మెత్తగా ఎనిపి పెద్ద తోర్తియా మీద పరిచేది. దానిని త్లాయూదా అంటారు, అరిటాకులో సగం ఉంటుంది. “ఇక్కడే జాగ్రత్త. గింజల్లో పందికొవ్వు వేస్తారు, చెప్పరు. ఆకుపచ్చగా కనిపించిందల్లా నీ తిండి అనుకోకు.” ‘సిన్ మాంతెకా’, అంటే కొవ్వు లేకుండా అన్న మాట, మా ఆయన చేత సంధ్యావందనంలా వల్లె వేయించింది. ఆయన తప్పు పలికితే గరిటెతో బల్ల మీద కొట్టేది.

ఒక శుక్రవారం సీసాలోంచి ఆకుపచ్చ ముక్కలు తీసి ఉల్లిపాయతో వేయించింది. తింటే బెండకాయలా జిగురు, చింతచిగురులా పులుపు. ఏమిటని అడిగితే బొమ్మ గీసింది. బొమ్మజెముడు.

“దీన్ని మా వైపు మేకలు రాకుండా కంచెకి పెడతారు దోన్యా,” అన్నాను.

“అయితే మీ మేకలు తెలివితక్కువవి,” అంది.

ఎర్రటి చల్లని పానీయం ఇచ్చింది, ఇక్కడి దుకాణాల్లో కర్కదే అని అమ్మే ఎండు పూలు నానబెట్టి చేసింది. ఒక గుక్క తాగగానే నాకు నాయనమ్మ కనిపించింది. అది గోంగూర పువ్వు. ఆకు మనకి, పువ్వు వాళ్లకి. మొక్కజొన్న పొత్తు రేకుల్లో పిండి చుట్టి ఆవిరి మీద ఉడికించిన తమాల్ పెట్టినప్పుడు, మా కోనసీమలో పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు చేస్తామని చెప్పాను. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి ఆ బుట్ట ఎలా కుడతారో నా చేత కాగితంతో చేయించుకుంది. మోలె అని ఒకటి ఉంది, ఎండుమిరపకాయలూ నువ్వులూ వేరుశనగా ఇంకా ఏవేవో వేయించి నూరి, చివర చాక్లెట్ ముక్క వేస్తారు. మా ఆయన అన్నంలో కలుపుకుని రెండు ముద్దలు తిన్నారు. “గుత్తివంకాయ కూర చదువుకుని ఉద్యోగం చేస్తే ఇలా ఉంటుంది,” అన్నారు. మే తర్వాత ఆయన హాస్యమాడడం అదే మొదటిసారి. దోన్యాకి అర్థం చెప్పబోయి నేను చెప్పలేకపోయాను. ఆయనకి ఇంకో గరిటె వడ్డించాను.

ఒక్క విషయంలో మాకు కుదరలేదు. దేవుడికి పెట్టే వంటని నేను రుచి చూడను. ఆవిడకి అది అన్యాయంగా తోచింది. “ఉప్పు ఉందో లేదో తెలియకుండా దేవుడికి పెడతావా? ఆయన మాత్రం ఎవరికి చెప్పుకుంటాడు? నేను రుచి చూడనిది దారినపోయేవాడికి కూడా పెట్టను.” ఇప్పటికీ రుచి చూడను. ఉప్పు మాత్రం రెండుసార్లు కొలుస్తాను, ఆవిడ పుణ్యమే.

అక్టోబరు ఆఖరి వారంలో మా ఆయన ప్రయాణమై వెళ్లారు. ఇల్లు మరీ పెద్దదైంది. మూడో రోజు ఎవరి సాయం లేకుండా తోర్తియాలు చేసి, దేవుడికి పెట్టి, దోన్యాకి పట్టుకెళ్లి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. పొద్దున్నే తలస్నానం చేసి, మడి చీర కట్టుకుని, నానిన గింజల్ని కడగడం మొదలుపెట్టాను. సున్నం ఉన్నది దేవుడికెలా పెట్టను? నీళ్లు పోసి, అరచేతుల్లో రుద్ది, పారబోసి, మళ్లీ పోసి, ఏడు నీళ్లు కడిగాను. ఒక్కొక్క గింజా ముత్యంలా వచ్చింది. వాసన కూడా లేదు. రుబ్బితే ముద్ద కట్టలేదు. తట్టితే పగిలింది. పెనం మీద వేస్తే నాలుగు ముక్కలు. ఆ ముక్కలే పళ్లెంలో పెట్టుకుని ఎదురింటి తలుపు కొట్టాను.

ఆవిడ ఒక ముక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఎన్నిసార్లు కడిగావు?”

“ఏడు.”

“ఎందుకు?”

“సున్నం పోవాలి కదా. ఏదీ మిగలకూడదని.”

“మట్టిని కడుగుతారు అమ్మాయ్. సున్నం మట్టి కాదు. ఉడికించేటప్పుడు కావాలన్నావు, ఇప్పుడు గుర్తే ఉండకూడదంటే పిండి దేన్ని పట్టుకుని నిలబడుతుంది? ఒకసారి కడుగు, రెండుసార్లు కడుగు. కొంచెం సున్నం ఉండనివ్వు.”

ఆవిడ వంట సంగతే చెప్పింది. ఆవిడకి ఇంకేమీ తెలియదు. నేను ఆ పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఏడ్చాను. ఆస్పత్రిలో కూడా అంత ఏడవలేదు. దోన్యా ఓదార్చలేదు. వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చి, నా ఎదురుగా కుర్చీ వేసుకుని, “చెప్పు,” అంది. తొమ్మిది రోజులూ చెప్పాను. గాజు పెట్టె, అందులో నా బొటనవేలంత పాదం, నర్సు గంటకోసారి లోపలికి రానిచ్చేది, నేను ఏం పాడానో అన్నీ.

“పేరేమిటి?”

“పేరు పెట్టలేదు. మాలో ఇరవై ఒకటో రోజున పెడతారు.”

“నువ్వు పిలిచావు కదా. ఏమని పిలిచావు?”

చెప్పాను. ఆవిడ రెండుసార్లు పలికి చూసుకుంది, మోలె రుచి చూసినట్టు.

ముప్పై ఒకటో తారీకు సాయంత్రం పిలిచింది. నాకు అల్ దోహా అల్ జదీదాలో పూల దుకాణం తెలుసు కాబట్టి అంతకుముందే నా చేత బంతిపూలు తెప్పించింది. గోడ వారగా బల్ల వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు పెట్టింది. వాళ్లలో ఆ రోజు పిల్లలది, మర్నాటి నుంచి పెద్దలది. పోయినవాళ్లు దూరం నుంచి ఆకలితో వస్తారు, ఎవరికిష్టమైంది వాళ్లకి పెట్టాలి. పిల్లలకి మాత్రం కారం పెట్టకూడదు. మొక్కజొన్న పిండిని పాలలో బెల్లంతో కాచి అతోలె అనే జావ చేసింది. ఒక చిన్న కప్పులో పోసి, “ఇది మా అక్కకి. నాకంటే ముందు పుట్టి పోయింది. నేను చూడలేదు. మా అమ్మ పెట్టేది, అమ్మ తర్వాత అరవై ఏళ్లుగా నేను పెడుతున్నాను,” అంది. పక్కన రెండో కప్పు పెట్టి గరిటె నాకిచ్చింది.

పొయ్యబోయి ఆగాను. మా వాళ్లలో అంత చిన్న పిల్లలకి తద్దినం లేదు, పిండం లేదు. తప్పేమోనని భయం వేసింది. ఆవిడ గ్రహించింది.

“ఇది పూజ కాదు. ఒక పిల్లకి పాలు పోస్తున్నావు, అంతే. ముందు రుచి చూడు. వేడిగా ఉందేమో.”

నా జీవితంలో నైవేద్యంలాంటిది రుచి చూసింది ఆ ఒక్కసారి. వేడిగానే ఉంది. ఊది పోశాను.

మా ఆయన తిరిగి వచ్చి, అక్కడ తిన్నవన్నీ దోన్యాకి ఒప్పజెప్పారు. పరీక్షలో పాసయ్యారని ఆవిడ ప్రకటించింది. ఆ తర్వాతి వేసవికి కూతురి ఉద్యోగం అయిపోయి వాళ్లు వెళ్లిపోయారు. తన మట్టి పెనం నాకిచ్చి, నా సున్నం డబ్బా పట్టుకెళ్లింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరో ఉన్నారు, తలుపు తీయగా చూడలేదు. నెలకొకసారి తోర్తియాలు చేసుకుంటాను, రెండుసార్లే కడుగుతాను. ఆ కప్పు మాత్రం మళ్లీ పెట్టలేదు. మా ఆయనకి ఏమని చెప్పను, అత్తగారికి తెలిస్తే ఏమంటారు అని ప్రతి అక్టోబరుకి ఒక కారణం దొరికేది. నేను పెట్టని ఆ కప్పుని, తల్లిని నేనుండగా, ఆవిడ ఆరేళ్లూ అక్కడ పెట్టింది. కారం వద్దని రాసి మరీ పెట్టింది.

పోశన్న వెళ్లాక ఉడుకుతున్న గింజల్ని దించి, బట్టలు సర్దుతున్న మా ఆయన దగ్గరికి వెళ్లి, నా ఫోనులోకి పంపించుకున్న ఆ మెసేజ్ చూపించాను. ఆయన నిలబడే చదివారు. చదివి మంచం మీద కూర్చున్నారు.

“చిన్ని అని పిలిచావా?”

“ఊఁ.”

చేతిలో చొక్కా మడత పెడుతూ, విప్పుతూ ఉన్నారు. “నేను బుజ్జమ్మా అనేవాణ్ణి,” అన్నారు. “అద్దం ఇవతల నుంచే. వినపడేది కాదులే.”

నేనూ పక్కన కూర్చున్నాను. పాపని ఎక్కడ పెట్టి వచ్చారని ఆ రోజు అడిగాను. చెప్పారు. తర్వాత ఆయనే నా ఫోను తీసుకుని, “ఏం రాయను?” అన్నారు. నేను చెప్పాను, ఆయన రాశారు: చిన్ని మా కూతురు. మీ అమ్మగారికి మేం రుణపడి ఉన్నాం. ఈ ఏడు నుంచి ఆ కప్పు ఇక్కడ కూడా ఉంటుంది. మీ అమ్మగారి పేరున దాని పక్కన మోలె ఉంటుంది, మాకు చేతనైనట్టు.

దోన్యా నాకిచ్చినవాటిలో పెనం గత ఏడు పగిలింది. మాట మిగిలింది. ఆవిడని నా దగ్గరికి పంపిన వరలక్ష్మీ తల్లికి రోజూ దీపం పెట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాను. ఇది చదివే మీకు ఆవిడతో పరిచయం లేదు, ఇక ఉండే వీలూ లేదు. ఎప్పుడైనా మీరు ఆ దేశం వెళితే, సంతలో పనివాళ్లు వరస కట్టిన చోట నిలబడండి. కొవ్వు లేకుండా అని ముందే చెప్పండి. వేడి తోర్తియా చేతిలో పడగానే ఒకసారి వాసన చూడండి, తడిసిన వెల్ల గోడ వాసన వస్తుంది. తినే ముందు ఎస్తెర్ అన్న పేరు ఒక్కసారి తలుచుకోండి. నా బిడ్డని నేను తలుచుకుంటాను.